చెత్త సంచి విప్పే చేతులు

బెంగళూరులో చెత్త ఆటో వెంట వచ్చే పౌరకార్మికులతో రెండు మాటలు మాట్లాడితే చాలు, వాళ్లలో ఎంతోమంది ఇంటి భాష తెలుగేనని తెలిసిపోతుంది. ఆంధ్ర ప్రాంతం నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు. మన సంఘం సభల్లో భాషాభిమానం గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. ఆ భాష మాట్లాడే చేతులే రోజూ మన సంచులు విప్పుతున్నాయి. లోపల ఇన్సులిన్ సూది ఉంటే గుచ్చుకునేది ఆ చేతులకే.

పండగకు ఇల్లు దులిపితే ఈ సరుకంతా ఒక్కసారిగా బయటపడుతుంది. అడుగున మిగిలిన యాసిడ్, ఎండిన పెయింట్ డబ్బా, బొద్దింకల మందు, కాలిపోయిన ట్యూబ్‌లైటు, గడువు దాటిన మాత్రలు. అన్నీ ఒకే నల్ల కవర్లో ముడివేసి ఇచ్చేస్తున్నాం. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. పగిలితే ఆ ఆవిరి పీల్చేది పక్కనున్నవాళ్లు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది సంచిలోనైనా, మన బాత్రూంలోనైనా. రెండూ కలిపితే ఇంకా బాగా శుభ్రమవుతుందనే నమ్మకం ఎక్కడ పుట్టిందో మరి! దోమల స్ప్రే డబ్బాను భోగి మంటలో వేసేవాళ్లకైతే ఒక దండం. వేడికి అది పేలుతుంది.

'ఇదంతా కార్పొరేషన్ పని, మనకెందుకు?' అంటారు కొందరు. వాళ్ల పనే. ఇలాంటి గృహ ప్రమాదకర వ్యర్థాలకు ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మన వైపు ఆ కేంద్రం ఎక్కడుందని వార్డు ఆఫీసును లిఖితపూర్వకంగా అడగాల్సింది సంఘమే. ఒక్కో ఇల్లు విడిగా అడిగితే ఎవరూ పట్టించుకోరు.

ఈలోగా సూదులను మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన కన్నడంలో, తెలుగులో పేరు రాసి విడిగా ఇద్దాం. ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెబుదాం. ట్యూబ్‌లైటును అట్టపెట్టెలో పెట్టి ఇద్దాం. యాసిడ్‌ను ఎప్పుడూ నీళ్ల సీసాలోకి ఒంపొద్దు. పాత బ్యాటరీలు, బల్బులు అధీకృత ఈ-వేస్ట్ సంస్థకు పంపేందుకు సంఘం హాల్లో నెలకొక ఆదివారం పెట్టెలు పెట్టొచ్చు.

వచ్చే కమిటీ సమావేశంలో ఈ విషయం పెడుతున్నాం. మన వీధుల్లో పనిచేసే పౌరకార్మికులను కూడా పిలిచి, సంచుల్లో ఏమేం వస్తున్నాయో ముందు వాళ్లనే చెప్పమందాం.