ఎదిగే పిల్లవాడికి ఏ బ్యాట్?



పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో నల్లగొండ జిల్లా నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం నన్ను నాలుగు రోజులు వదలలేదు. అందులో పెద్ద కష్టమేమీ లేదు. ఆమె పెద్ద కొడుకు ఏడవ తరగతి అయిపోయి, పై చదువుకు ఉప్పల్‌లో మేనమామ ఇంటికి వచ్చాడట. ఆటంటే ప్రాణమని మేనమామ వాడిని క్రికెట్ నేర్పే చోట చేర్చాడు. ఇంతవరకు ఊరి బడి వెనకాల టెన్నిస్ బంతితో ఆడినవాడు ఇప్పుడు తోలు బంతి ఆడాలి. కోచ్ సారు సొంత బ్యాట్ తెచ్చుకోమన్నారు. తండ్రి పత్తి డబ్బులో కొంత పక్కన పెట్టి, "కొంటే పెద్దదే కొందాము, ఎదిగే పిల్లవాడు, నాలుగేళ్ళు వస్తుంది" అంటున్నాడట. మేనమామ "వద్దు బావా, వాడు ఎత్తలేడు" అంటున్నాడట. బావా బావమరుదుల మధ్య మాట పట్టింపు దాకా వచ్చింది. "అక్కయ్యా, మీరు నాచారంలో ఉంటారు గదా, మీ దగ్గరలోనే స్టేడియం ఉంది, ఎవరి మాట వినాలో చెప్పండి" అని అడిగారు.

తల్లీ, స్టేడియం దగ్గరలో ఉన్నంత మాత్రాన ఆట వస్తుందా! మెట్రో రైలులో స్టేడియం స్టేషన్ మీదుగా వెళ్ళడమే గాని లోపల అడుగు పెట్టింది ఒకేసారి. అయినా ఈ ఒక్క విషయంలో నేను మాట్లాడగలను. ఎందుకంటే మీ ఆయన అన్న మాటే 1997లో మా ఇంట్లోనూ అన్నాము.

అప్పటికి ఉప్పల్‌లో ఆ స్టేడియం లేదు. అక్కడ మొదటి అంతర్జాతీయ వన్డే 2005 నవంబరు 16న జరిగింది, భారత్‌కూ దక్షిణాఫ్రికాకూ. అంతకుముందు పెద్ద మ్యాచ్‌లంటే ఫతే మైదానంలోని లాల్ బహదూర్ స్టేడియమే. మా వైపు పిల్లలకు ఖాళీ స్థలం ఎక్కడుంటే అదే మైదానం. మావారు నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవారు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. బ్యాట్ కావాలని ఏడాది అడిగాడు. మావారు రెండు నెలలు ఓవర్‌టైమ్ చేసి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వాడిని వెంటబెట్టుకుని వెళ్ళి, పెద్దవాళ్ళు ఆడే బ్యాట్ కొనుక్కొచ్చారు. మేము చొక్కాలు అలాగే కొనేవాళ్ళం, అడుగున మడతపెట్టి కుట్టించి ఏడాదికోసారి విప్పేవాళ్ళం. బూట్లు ఒక సైజు పెద్దవి కొని ముందు దూది కుక్కేవాళ్ళం. పేదింటి తెలివి అది. బ్యాట్ విషయంలోనూ పనికొస్తుందనుకున్నాము.

ఆ ఎండాకాలమంతా వాడు రోజూ బ్యాట్ భుజాన వేసుకుని వెళ్ళాడు, వచ్చాడు. బడులు తెరిచాక వెళ్ళడం తగ్గింది. ఒకరోజు కూరగాయలకు వెళ్తూ చూశాను. వాడి బ్యాట్‌తో పెద్ద పిల్లలు ఆడుతున్నారు. వీడు గట్టు మీద కూర్చుని నోటుపుస్తకంలో స్కోరు వ్రాస్తున్నాడు. ఇంటికొచ్చాక, "ఆడనివాడివి అంత డబ్బు ఎందుకు తగలబెట్టించావు?" అని గట్టిగానే కోప్పడ్డాను. వాడు ఏమీ అనలేదు. ఉద్యోగం వచ్చి, పెళ్ళి కూడా అయ్యాక, ఏదో మాటల్లో అన్నాడు: "అమ్మా, నేను దాన్ని ఎత్తలేకపోయాను. మణికట్టు నొప్పి పుట్టేది. నాన్న ఓవర్‌టైమ్ చేసి కొన్నది బాగాలేదని ఎట్లా చెప్పను?" మావారు అప్పటికి లేరు.

అందుకని ఆ తరువాత తెలిసినవాళ్ళను అడిగి కాస్త నేర్చుకున్నాను. ఇప్పుడు మా మనుమడికి ఆ ప్రకారమే కొన్నాము. అదే మీకూ చెప్తాను.

క్రికెట్ బ్యాట్‌లకు చెప్పుల్లాగే నంబర్లుంటాయి. 1 నుండి 6 వరకు పిల్లలవి, కొందరు బొత్తిగా చిన్నవాళ్ళకు 0 కూడా చేస్తారు. పెద్దవాళ్ళు ఆడేదాన్ని షార్ట్ హ్యాండిల్ అంటారు. పేరులో షార్ట్ ఉందని చిన్నదనుకునేరు, నిండు సైజు అదే. మరీ పొడగరులకు లాంగ్ హ్యాండిల్ ఉంటుంది. 6కూ షార్ట్ హ్యాండిల్‌కూ మధ్య ఒకటుంది, దాని పేరు హారో. ఇంగ్లండులోని ఒక పాత బడి పేరు అది. పిల్లల బ్యాట్ వదిలి పెద్దల బ్యాట్ అందుకోబోయే వయసుకు చేసినది. నిండు బ్యాట్ కంటే కాస్త పొట్టి, కాస్త సన్నం, బరువు తక్కువ. చాలామంది తల్లిదండ్రులు ఈ మెట్టునే దాటేస్తారు. మేమూ 1997లో అదే చేశాము. దుకాణంలో అలాంటిది ఒకటి ఉందని కూడా మాకు తెలియదు.

ఎత్తునుబట్టి చూడాలి, వయసునుబట్టి కాదు. పిల్లవాడు 4 అడుగుల 9 అంగుళాలు దాటి 5 అడుగుల లోపు ఉంటే 5వ నంబరు. 5 అడుగుల నుండి 5 అడుగుల 2, 3 అంగుళాల దాకా 6వ నంబరు. అక్కడినుండి 5 అడుగుల 6, 7 అంగుళాల దాకా హారో. అది దాటితేనే నిండు సైజు. కంపెనీని బట్టి ఒక అంగుళం అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి నంబరు చూసి ఊరుకోక పిల్లవాడిని దుకాణానికి తీసుకెళ్ళాలి. వాడు ఆడేటప్పుడు వేసుకునే బూట్లతోనే వెళ్ళాలి. తిన్నగా నిలబెట్టి, బ్యాట్ అడుగు కొసను కాలి పక్కన ఆనిస్తే పిడి పైకొన తుంటి దగ్గరకు రావాలి. నడుము దాటి పైకి పోతే అది వాడిది కాదు.

బరువు సంగతి పొడవు కంటే ముఖ్యం. కుడిచేతి ఆటగాడికి బ్యాట్‌ను నడిపేది పిడి పైభాగాన ఉండే ఎడమచెయ్యి. ఆ ఒక్క చేతితో పిడి పైభాగం పట్టుకుని, చెయ్యి ముందుకు చాచి, బ్యాట్‌ను నేలకు అడ్డంగా నిలపమనండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి వణికినా, భుజం వంగినా, బ్యాట్ కొస కిందికి జారినా పక్కన పెట్టేయండి. దుకాణదారు "అలవాటైపోతుంది" అంటాడు. వినకండి. పెద్దల బ్యాట్ సుమారు 1,100 గ్రాముల నుండి 1,300 పైదాకా తూగుతుంది. హారో చాలావరకు అందులో తేలికవాటికి సమానం, లేదా ఇంకా తక్కువ. వంద గ్రాములంటే మనకు గుప్పెడు కందిపప్పు. చాచిన చేతి చివర అది ఎంత బరువో ఒకసారి మీరే పట్టుకుని చూడండి.

ఎత్తలేని బ్యాట్‌తో ఆడే పిల్లవాడు ఏం చేస్తాడంటే, పిడిని కిందికి పట్టుకుంటాడు. కింది చెయ్యి బలమంతా వాడి బంతిని అడ్డంగా ఈడుస్తాడు. బంతి వచ్చేసరికి బ్యాట్ ఇంకా వెనకాలే ఉంటుంది. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో మణికట్టు, మోచేయి నొప్పి పట్టుకుంటే అది తేలికగా తీసుకునేది కాదు. ఇక్కడ మీ ఆయన ఒక మాట అనవచ్చు: సచిన్ టెండూల్కర్ చిన్నప్పుడు పెద్దవాళ్ళ బ్యాట్‌తోనే ఆడాడు గదా అని. నిజమే. అన్న అజిత్ వాళ్ళ బ్యాట్‌లతో ఆడడం వల్లనే పిడి కిందికి పట్టుకోవడం అలవాటైందని ఆయనే చెప్పుకున్నారు, పెద్దయ్యాక కూడా బరువైన బ్యాట్‌తోనే ఆడారు. కాని ఆయన ఒక్కరిని చూసి మన పిల్లలందరి మణికట్లనూ పణం పెట్టలేము.

"నాలుగేళ్ళు వస్తుంది" అన్న లెక్క కూడా చూద్దాము. మగపిల్లలు పదమూడు పద్నాలుగేళ్ళ ప్రాంతంలో ఏడాదికి 8, 9 సెంటీమీటర్లు, అంటే మూడు అంగుళాలకు పైగా పెరుగుతారు. ఆ లెక్కన ఒక హారో బ్యాట్ ఏడాది, ఏడాదిన్నర వస్తుంది. తక్కువే అనిపిస్తుంది. కాని నిండు సైజు కొంటే మొదటి రెండేళ్ళు వాడు ఆడలేడు, ఆడినా తప్పుగా నేర్చుకుంటాడు. వాడికి సరిపోయేనాటికి ఆ బ్యాట్ పాతబడిపోతుంది, లేదా మా ఇంట్లోలాగా ఇతరుల చేతుల్లో అరిగిపోతుంది. హన్నా గుర్తున్నది గదా, సమూయేలుకు ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకుపోయేది. ఒకేసారి పెద్దది కుట్టి ఇవ్వలేదు. ఆమెకూ బట్ట ఊరకనే రాలేదు కదా.

ఆడపిల్లల తల్లులు కూడా ఇది చదవండి. ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందే పెరుగుతారు, ముందే ఆగుతారు. హారో దగ్గరే ఆగి హాయిగా ఆడేవాళ్ళు ఎందరో ఉన్నారు, అది తక్కువతనం కాదు. భద్రాచలం నుండి సికింద్రాబాద్ వచ్చి ఆట నేర్చుకున్న గొంగడి త్రిష 2025లో 19 ఏళ్ళ లోపు బాలికల ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఊరి పిల్లకు బ్యాట్ ఎందుకు అనే రోజులు పోయాయి.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి మనుమడు బేస్‌బాల్ ఆడతాడు. అక్కడా ఇదే తంటా అని ఫోనులో నవ్వింది. వాళ్ళు బ్యాట్ పొడవు అంగుళాలలో నుండి బరువు ఔన్సులు తీసివేసి, ఆ మిగిలిన అంకెతో పిలుస్తారట. 30 అంగుళాలది 20 ఔన్సులుంటే తేడా 10, చిన్నపిల్లలది. హైస్కూల్లో ఆ తేడా 3 మించకూడదని నియమం. 10 నుండి ఒక్కసారిగా 3కు దూకితే పిల్లలు తిప్పలేరు, అందుకని నడుమ 8 గాని 5 గాని కొంటారు. ఎక్కడైనా తల్లిదండ్రుల జేబుకు ఈ నడుమ మెట్టే బరువు.

ఇక కర్ర. దుకాణంలో రెండు పేర్లు వింటారు, కాశ్మీర్ విల్లో, ఇంగ్లీషు విల్లో. మొదటిది కాశ్మీరులో పెరిగిన చెట్టుది, గట్టిది, కాస్త బరువైనది, ధర బాగా తక్కువ. రెండవది మెత్తనిది, బంతి దానిమీద నుండి బాగా ఎగురుతుంది, ధర మూడు నాలుగింతలు, ఆపైన ఎంతైనా. ఏడాదిన్నరలో మార్చేయబోయే బ్యాట్‌కు ఇంగ్లీషు విల్లో ఎందుకని నా అభిప్రాయం. తేలికగా ఉన్న కాశ్మీర్ విల్లో హారో ఏరుకోండి. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, ప్యాడ్లు, గ్లవ్స్ కొనండి. తోలు బంతి దెబ్బ టెన్నిస్ బంతి దెబ్బ కాదు. హెల్మెట్ మాత్రం పాతది కొనకండి, తలకు సరిగ్గా పట్టాలి.

పాత బ్యాట్ అయితే తప్పు లేదు. నిరుడు ఆడి ఈ ఏడు ఎదిగిపోయిన పిల్లలు ప్రతి మైదానంలోనూ ఉంటారు, సారును అడిగితే చెప్తారు. కొనేముందు పిడి బ్లేడులో దిగేచోట పగులుందేమో, అడుగు కొస తడికి ఉబ్బిందేమో చూడాలి. మా సంఘంలో యువజనులు ఒక బీరువాలో పాత బ్యాట్‌లు నంబరు వ్రాసి పెడుతున్నారు. ఎదిగినవాడు తనది అందులో పెట్టి పైది తీసుకుంటాడు. మీ సంఘాల్లో కూడా చేయవచ్చు, బీరువాకు తాళం తప్ప ఖర్చేమీ లేదు. పెద్ద బ్యాట్‌ను వడ్రంగి చేత అడుగున కోయించి పొట్టిగా చేయడం మాత్రం మానుకోండి. బంతి బాగా తగిలే చోటు మారిపోతుంది, కోసిన కొస తడి పీల్చి చీలుతుంది.

కొత్తదైతే వెంటనే తోలు బంతికి ఇవ్వకూడదు. ముఖానికి, అంచులకు, అడుగు కొసకు పచ్చి అవిసె నూనె పల్చగా రాసి, పడుకోబెట్టి ఆరనిచ్చి, మరునాడు మళ్ళీ రాయాలి. రెండు మూడు పూతలు చాలు. పిడి దిగేచోట నూనె పోయనివ్వద్దు. ముఖానికి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటే దానిమీద నూనె అక్కరలేదు. తరువాత కొయ్య సుత్తితో మెల్లగా మొదలుపెట్టి, రోజుకు కాసేపు చొప్పున మొత్తం ఐదారు గంటలు తట్టాలి. పక్కింటివాళ్ళకు ముందే చెప్పుకోండి! నూనె రాసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గుడ్డలు దానంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. విప్పి బయట ఆరబెట్టి అప్పుడు పారేయండి.

సహోదరీ, మీ ఉత్తరంలో పిల్లవాడి ఎత్తు 5 అడుగుల 1 అంగుళం అని వ్రాశారు, బడిలో కొలిచారని కూడా వ్రాశారు. అది ఎప్పటి కొలత? నిరుడు కొలిచినదైతే ఇప్పుడు పనికిరాదు. వాడిని చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, నెత్తి మీద పుస్తకం పెట్టి గీత గీసి, టేపుతో కొలవమని మీ తమ్ముడితో చెప్పండి. 5 అడుగుల 2 లోపే ఉంటే, మైదానంలో పాత 6వ నంబరు ఏదైనా దొరుకుతుందేమో చూసి, ఈ ఆరు నెలలు దానితో ఆడనివ్వండి. హారోకు పెట్టిన డబ్బు అలాగే ఉంచండి. 3 దాటితే మీ ఆయన్ను ఒక శనివారం ఉప్పల్ బస్సెక్కించండి. మీ తమ్ముడు కాదు, ఆయనే వెంట వెళ్ళి కొనాలి. దుకాణంలో పిల్లవాడు చెయ్యి చాచి బ్యాట్ పట్టుకున్నప్పుడు బ్యాట్‌ను కాదు, వాడి ముఖం చూడమనండి.