పాత సైకిలు

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని తెలుగువారి సామెత. షోలాపూర్ నగరంలో సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట వంటి నేతవారి పేటలలో ఈ సామెతకు సాక్ష్యం ఇప్పటికీ కనబడుతుంది. మెట్ల కిందనో, మగ్గాల షెడ్డు వెనుకనో గోడకు చేరగిలబడి ఒక పాత సైకిలు ఉంటుంది. దాని టైర్లలో గాలి ఉండదు. గొలుసు తుప్పు పట్టి ఉంటుంది. క్యారియరు మీద ఖాళీ కండెల బుట్టో, చిరిగిన గోనె సంచులో పెట్టి ఉంటాయి. ఏదో ఒక రోజున వీధిలో "భంగార్" అనే కేక వినబడుతుంది. ఇనుము తూకం లెక్కన ఆ సైకిలు ఇల్లు వదలి వెళ్ళిపోతుంది. ఇంట్లో కొంత చోటు మిగులుతుంది. చేతికి నాలుగు రూపాయలు వస్తాయి. అయితే ఆ బేరంలో ఇంటివారికి కలిగేది లాభమా, నష్టమా? నిదానంగా ఆలోచిస్తే నష్టమే ఎక్కువ అని తేలుతుంది. బాగుచేయడానికి వీలున్న సైకిలును తూకానికి అమ్మరాదు. దానిని బాగుచేసి తొక్కాలి.

ఆ పేటలలో మిగిలి ఉన్న పాత సైకిళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది తాతల కాలపు నల్ల సైకిలు. దానికి 28 అంగుళాల చక్రాలు, ఇనుప కడ్డీల బ్రేకులు, బరువైన క్యారియరు ఉంటాయి. హ్యాండిలు కింది గొట్టం మీద కంపెనీ బిళ్ళ మెరుస్తూ ఉంటుంది. రెండవది తండ్రుల కాలపు సైకిలు. దానికి 26 అంగుళాల లావు టైర్లు, తిన్నని హ్యాండిలు ఉంటాయి. దీనినే మౌంటెన్ బైక్ అంటారు. అనగా కొండ దారులలో తొక్కే సైకిలు. హెర్క్యులీస్ 'ఎం.టి.బి.', హీరో 'రేంజర్' వంటి పేర్లతో 1990లలో ఇవి మన దేశంలోని ఊరూరా కనబడ్డాయి. పరీక్ష పాసైన కుర్రవానికి అటువంటి సైకిలు కొనిపెట్టడం ఆనాడు పెద్ద బహుమానం. ఆ సైకిళ్ళకు కూడా ఇప్పుడు ముప్ఫయి ఏండ్ల వయస్సు వచ్చింది. అవి కూడా పాతవాటిలో చేరిపోయాయి.

నల్ల సైకిలు నేతవారి జీవితంలో అలంకారం కాదు. తెలంగాణ ప్రాంతంలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుండి పద్మశాలీలు బతుకుతెరువు కోసం షోలాపూర్ చేరుకున్నారు. అక్కడ 1877లో స్థాపించిన నూలు మిల్లును తరువాతి తరాలు 'జూనీ మిల్లు' అని పిలిచాయి. మిల్లులలో, చేతిమగ్గాలపై, ఆ తరువాత మరమగ్గాలపై వారి చెమట చద్దర్లుగా, తువ్వాళ్ళుగా మారింది. నూలు కట్టలు ఇంటికి తెచ్చినది సైకిలు. నేసిన చద్దర్ల మూటను వ్యాపారి కొట్టుకు చేర్చినది సైకిలు. ఇంట్లో ఆడవారు చుట్టిన బీడీలను కార్ఖానాకు మోసినదీ అదే. రాత్రి పాళీకి పోయే కార్మికునికి బండి అదే, తోడు అదే. పొదుపు చేసిన డబ్బుతో కొన్న ఆ వస్తువుకు దసరా నాడు మగ్గంతో పాటు బొట్టుపెట్టి పూజ చేసేవారు.

ఆ సైకిళ్ళ మీది బిళ్ళలు దేశ చరిత్రను కూడా చెబుతాయి. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లోను, సోనీపత్‌లో అట్లాస్ 1951లోను, లుధియానాలో హీరో సైకిల్స్ 1956లోను మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, మన అవసరాలకు కావలసిన యంత్రాలను మనమే తయారుచేసుకోవాలనే పట్టుదల వాటి వెనుక ఉన్నది. వాటిలో అట్లాస్ కంపెనీ 2020 జూన్‌లో తన సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆపివేసింది. కర్మాగారాలు మూతపడవచ్చు. కాని అవి తయారుచేసిన సైకిళ్ళు ఇండ్లలో ఉన్నంత కాలం ఆ శ్రమ వృథా పోయినట్లు కాదు.

ఇక రెండవ రకం సైకిలు సంగతి మరింత విచిత్రమైనది. కొండ సైకిలు పుట్టినదే పాత సైకిలును బాగుచేయడం వల్ల! 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మారిన్ కౌంటీ అనే కొండ ప్రాంతంలో కొందరు యువకులు ఉండేవారు. వారు 1930, 1940ల నాటి ష్విన్ సైకిళ్ళను పాత సామాను నుండి ఏరి కొద్ది డాలర్లకు కొనేవారు. మడ్‌గార్డులు ఊడదీసి, లావు టైర్లు ఉంచి, కొండ మీది మట్టి దారిలో వాటిని పరుగెత్తించేవారు. ఫెయిర్‌ఫ్యాక్స్ అనే ఊరి దగ్గరి దారిలో సుమారు 2 మైళ్ళ దూరానికే 1,300 అడుగుల లోతుకు దిగవలసి వచ్చేది. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు మాత్రమే వారికి ఆధారం. ఆ బ్రేకు వేడికి వెనుక చక్రం హబ్బులోని గ్రీజు పొగలై పోయేది. పందెం ముగిసిన తరువాత హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు నింపుకోవలసిందే. అందుచేతనే ఆ పందేనికి 'రీప్యాక్', అనగా 'తిరిగి నింపుట' అనే పేరు వచ్చింది. మొదటి పందెం 1976 అక్టోబరు 21న జరిగింది.

పాత చట్రాలు ఆ దెబ్బలకు విరిగిపోతూ ఉండగా, వారిలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండ దారుల కోసమే ఒక గట్టి చట్రం తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన చట్రాలతో ఇటువంటి సైకిళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో 'స్టంప్‌జంపర్' అనే కొండ సైకిలు పెద్ద సంఖ్యలో తయారై బజారుకు వచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండ సైకిలు పందేనికి చోటు దొరికింది. తుక్కు సామాను నుండి ఒలింపిక్ మైదానం వరకు సాగిన ఆ ప్రయాణానికి ఇరవై ఏండ్లు పట్టింది. ఆ యువకులు పాత ఇనుమును పాత ఇనుముగానే చూసి ఉంటే ఈ కథ జరిగేది కాదు. చేతిలోని పాత వస్తువును విప్పి, పరిశీలించి, దాని లోపాన్ని తెలుసుకోవడం కొత్తదానికి మొదటి మెట్టు.

ఈనాడు 1980ల నాటి తొలి కొండ సైకిళ్ళను కూడా ప్రపంచంలో ఎందరో వెదకి సేకరిస్తున్నారు. మన దేశంలోనూ ఈ ఆసక్తి లేకపోలేదు. షోలాపూర్‌కు సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న పుణె ఒకప్పుడు సైకిళ్ళ నగరంగా పేరు పొందినది. అక్కడి కర్వే నగర్‌లో విక్రమ్ పెండ్సే పాత సైకిళ్ళను, వాటి విడిభాగాలను సేకరించి 2017లో ఒక ప్రదర్శనశాల తెరిచారు. అటువంటి సేకరణ మెచ్చుకోదగినది. అయితే అన్ని సేకరణలూ ఒకే రకమైనవి కావు. కొందరు పాత సైకిలును చవకగా కొని, రంగు పూసి, హోటలు గోడకు వేలాడదీస్తారు. అక్కడ అది బొమ్మ మాత్రమే. దానిని ఎవరు తొక్కారో, ఏ బరువు మోసిందో చెప్పేవారు ఉండరు. కథ పోయిన తరువాత మిగిలేది ఇనుమే. అది తొక్కినవారి ఇంట్లోనే ఉండి, వారి మనుమల కాళ్ళ కింద తిరిగితే, కథా నిలుస్తుంది, సైకిలూ నిలుస్తుంది.

ఈ అభిప్రాయానికి ఎదురు చెప్పేవారూ ఉన్నారు. వారి మాటలలో కొంత నిజం ఉన్నది. "మా తాత సైకిలు తొక్కినది సరదాకు కాదు, పేదరికం వల్ల. ఆ కష్టాన్ని మళ్ళీ గుర్తుచేసుకోవడం ఎందుకు?" అని ఒకరు అడుగుతారు. "నెల తిరిగే వాయిదాలలో మోటారు సైకిలు దొరుకుతున్న రోజులలో ఇదేమి పట్టుదల?" అని మరొకరు అంటారు. దూరాన ఉన్న పనికి పోయి, పన్నెండు గంటలు మరమగ్గం ముందు నిలబడి వచ్చే మనిషిని సైకిలే తొక్కమని చెప్పడం న్యాయం కాదు. అతనికి మోటారు బండి అవసరం కావచ్చు. కాని బడి ఒక కిలోమీటరు దూరంలో ఉన్న పిల్లవానికి, కూరగాయల కోసం పక్క పేటకు పోయే వారికి ఆ అవసరం లేదు. కష్టాన్ని మరచిపోవడానికి కష్టానికి సాయపడిన వస్తువును పారవేయనక్కరలేదు. చాలా ఇండ్లలో పాత సైకిలు మూలపడడానికి కారణం అది నడవకపోవడం కాదు, దానిని నడుపుకుంటూ బడి ముందు దిగడానికి పిల్లలు సిగ్గుపడడం. మోసి పెంచిన వస్తువును చూసి సిగ్గుపడడం నేర్చుకున్నవారు రేపు మోసి పెంచిన మనిషిని చూసి కూడా సిగ్గుపడవచ్చు. ఆలోచించవలసిన విషయం ఇదే.

సైకిలును బాగుచేయడం నేతవారి పిల్లలకు కొత్త విద్య కాదు. పడుగులో ఒక పోగు తెగితే నేతకాడు పడుగునంతా కోసి పారవేయడు. తెగిన చోటు వెదకి, ముడి వేసి, మగ్గం సాగిస్తాడు. సైకిలు చక్రం కూడా అటువంటిదే. నల్ల సైకిలు ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 చువ్వలు ఉండేవి. ఒక పక్క చువ్వలు బిగువై, మరొక పక్క వదులైతే రిమ్ము వంకరపోతుంది. పోగులన్నీ ఒకే బిగువులో ఉంటేనే గుడ్డ సాఫుగా వచ్చినట్లు, చువ్వల బిగువు సరిపోతేనే చక్రం తిన్నగా తిరుగుతుంది.

పనికి ఒక క్రమం ఉన్నది. మొదట చట్రాన్ని పరీక్షించాలి. గొట్టాలు కలిసే చోట సన్నని గీత వంటి పగులు ఉంటే దానిని తొక్కరాదు. అనుభవం ఉన్న పనివానికి చూపాలి. పగులు బాగుపడదని అతడు చెబితే ఆ చట్రాన్ని వదులుకోవలసిందే. పాతదానిపై ప్రేమ ప్రాణం కంటె ఎక్కువ కాదు. చట్రం గట్టిగా ఉంటే, బిగుసుకుపోయిన నట్లకు నూనె వేసి ఒక రాత్రి నాననివ్వాలి. హబ్బులు విప్పి, పాత గ్రీజు తుడిచి, అరిగిన బాల్సు మార్చి, కొత్త గ్రీజు పెట్టాలి. గొలుసును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయాలి. బ్రేకు కట్టలు, టైర్లు, ట్యూబులు కొత్తవి వేయాలి. కంపెనీ బిళ్ళను, అసలు రంగును, దాని మీది అక్షరాలను వీలైనంత వరకు అలాగే ఉంచాలి. అవి ఆ సైకిలు పుట్టుమచ్చల వంటివి.

ఈ పనులు నేర్పగలవారు పేటలలో ఇంకా ఉన్నారు. చౌరస్తా దగ్గర గాలిపంపు, నీళ్ళ తొట్టి పెట్టుకొని కూర్చున్న సైకిలు మిస్త్రీ చక్రాన్ని ఒకసారి తిప్పి, వంకర ఎక్కడున్నదో కంటితోనే చెప్పగలడు. ఆ నేర్పు పుస్తకాలలో లేదు, అతని వేళ్ళలో ఉన్నది. పాత సైకిళ్ళు తూకానికి పోతే అతని దుకాణమూ మూతపడుతుంది. చేతిమగ్గం మీద నేసే నేర్పు ఎన్ని ఇండ్లలో ఒక తరంతో ఆగిపోయిందో షోలాపూర్ వారికి చెప్పనక్కరలేదు. ఇంకొక నేర్పును అదే దారిని పోనివ్వడం తెలివైన పని కాదు. బడులు సంవత్సరానికి ఒక రోజైనా అటువంటి మిస్త్రీని పిలిపించి, పిల్లల చేత ఒక పాత సైకిలును విప్పించి బిగింపజేస్తే ఖర్చు కొద్ది, ఫలితం పెద్దది. దానితో పాటు ఆ సైకిలును ఎవరు, ఎప్పుడు, ఏ పని కోసం కొన్నారో పిల్లలు తమ ఇంటి పెద్దలను అడిగి తెలుగులో రాసిపెట్టాలి. తెలుగు నేలకు దూరంగా ఉన్న కుటుంబాలకు తమ చరిత్ర కాగితం మీద ఉండడం మరీ అవసరం.

బాగుపడిన సైకిలు మళ్ళీ మెట్ల కిందకు చేరితే పడిన శ్రమ దండగ. ఆడపిల్లలైనా, మగపిల్లలైనా దానిని తొక్కాలి. లారీలు తిరిగే పెద్ద రోడ్ల మీద కాక, పేట వీధులలో, బడి దారిలో తొక్కాలి. ఆదివారం ఉదయం పెద్దవారి తోడుతో హిప్పరగా చెరువు వైపు పోయి రావచ్చు. లావు టైర్ల సైకిలుకు అక్కడి నల్లరేగడి బాటలు అడ్డం కావు.

కాబట్టి "భంగార్" కేక వినబడినప్పుడు ఇంటివారు ఒక్క నిమిషం ఆగాలి. ఆ పాత సైకిలు ముందు చక్రాన్ని పైకెత్తి, చేతితో ఒకసారి తిప్పి చూడాలి. కిర్రుమన్నా సరే, అది తిరిగితే దానికి ఇంకా ఆయుస్సు ఉన్నట్లే.