దుమ్ము కమ్మిన రోవరు.. దృష్టి మరల్చని సీమ

కర్నూలు: ఈ శతాబ్దంలోనే సుదీర్ఘమైన సంపూర్ణ చంద్రగ్రహణం 2018 జులై 27 రాత్రి సంభవించింది. పూర్ణగ్రాసమే 103 నిమిషాలు. ఎర్రబారిన చంద్రుని చెంతనే మరో ఎర్రని చుక్క ప్రకాశించింది. అది అంగారకుడు. సరిగ్గా ఆ రోజే సూర్యునికి అభిముఖంగా వచ్చి, 2003 తరువాత ఎన్నడూ లేనంతగా భూమిని సమీపించాడు. పదిహేనేళ్లుగా ఈ ఘడియ కోసం ఎదురుచూసిన ఔత్సాహిక ఖగోళ పరిశీలకులకు మాత్రం ఆశాభంగమే మిగిలింది. గ్రహమంతటినీ ధూళి తుపాను కప్పివేయడంతో దూరదర్శినిలోనూ మసకబారిన నారింజరంగు బిళ్లే కనిపించింది.

ఆ ధూళి అడుగున ఒక యంత్రం కొన ఊపిరితో ఉంది. 2004 జనవరిలో అంగారకునిపై దిగిన అమెరికా రోవరు ఆపర్చ్యూనిటీ 2018 జూన్ 10న తుది సందేశం పంపి మూగబోయింది. నాసా శాస్త్రవేత్తలు నెలల తరబడి వెయ్యికి పైగా సంకేతాలు పంపినా బదులు రాలేదు. 2019 ఫిబ్రవరి 13న యాత్ర ముగిసినట్లు ప్రకటించారు. 90 రోజులు పనిచేస్తే చాలనుకున్న యంత్రమది. పద్నాలుగేళ్లకు పైగా పనిచేసి 45 కిలోమీటర్లు నడిచింది. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో సగానికి మించిన దూరమది.

రోవరును బలిగొన్న కారణం రాయలసీమ వాసులకు వివరించనవసరం లేనిది. సౌరఫలకాలపై సూర్యరశ్మి పడలేదు, బ్యాటరీలు నిండలేదు, చలికి యంత్రం బిగుసుకుపోయింది. ఓర్వకల్లు మండలం శకునాల, గడివేముల మండలం గని ప్రాంతాల్లో వెలసిన వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కులో ఫలకాలపై దుమ్మును ఎప్పటికప్పుడు తొలగిస్తూనే ఉండాలి. అక్కడ తుడిచేందుకు మనిషి ఉన్నాడు, నీరుంది. అంగారకునిపై రెండూ లేవు. సుడిగాలి వచ్చి దుమ్మును ఊడ్చిపోతే అదే మహాభాగ్యం. నిజానికి అలాంటి గాలులే ఆ రోవరుకు పలుమార్లు ఆయుష్షు పోశాయి.

దాని జంట రోవరు స్పిరిట్ కథ మరీ విషాదం. 2009 మే నెలలో మెత్తని ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. వంకలో ఎద్దులబండి కూరుకుపోతే పదిమంది భుజం పట్టి లేపుతారు. కోట్ల కిలోమీటర్ల దూరాన ఆ ఆసరా ఎక్కడిది? భూమిపై అలాంటి ఇసుకనే తయారు చేసి, నమూనా రోవరును అందులో దించి నెలల పాటు ఉపాయాలు వెదికారు. ఫలించలేదు. ఫలకాలను ఎండవైపు వాల్చుకునే వీలు లేక 2010 మార్చి 22 తరువాత స్పిరిట్ పలకలేదు. ఈ రెండు రోవర్లు పంపిన ఛాయాచిత్రాలను నాసా వచ్చినవి వచ్చినట్లే ప్రజల ముందుంచింది. పరిశోధనాలయాలతో సంబంధం లేని ఔత్సాహికులు వాటిని ఒకదానికొకటి అతికి విశాలదృశ్యాలు రూపొందించారు. కూరుకుపోయిన చక్రాన్ని శాస్త్రవేత్తలతో పాటే చూశారు.

కల్పన తరువాత హబుల్

1990 ఏప్రిల్‌లో నింగికేగిన హబుల్ టెలిస్కోపుకు పుట్టుకతోనే దృష్టిదోషం. ప్రధాన దర్పణం అంచులు వెంట్రుకలో యాభయ్యో వంతు మేర పల్చబడటంతో చిత్రాలు అలుక్కుపోయాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దానికి కళ్లజోడు లాంటి సాధనం అమర్చారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక కూలి కల్పనాచావ్లా సహా ఏడుగురు మరణించాక, మరమ్మతు యాత్ర ప్రాణాంతకమంటూ 2004 జనవరిలో నాసా దాన్ని రద్దు చేసింది. శాస్త్రవేత్తలు, బడిపిల్లలు, సామాన్యులు నిరసించారు. 2006 అక్టోబరులో నిర్ణయం మారింది. 2009 మేలో చివరి మరమ్మతు జరిగింది. ఒక యంత్రాన్ని బతికించమని జనం పట్టుబట్టి సాధించిన సందర్భాలు విజ్ఞానచరిత్రలో బహుస్వల్పం.

నాడు అమర్చిన ఆరు గైరోస్కోపుల్లో మూడు పాడయ్యాయి, మరొకటి తప్పుడు కొలతలు చూపసాగింది. 2024 జూన్‌లో ఒక్క గైరోతోనే నడపాలని, మిగిలినదాన్ని అక్కరకు దాచుకోవాలని నిశ్చయించారు. దీంతో అంగారక కక్ష్యకన్నా చేరువలో కదిలే గోళాలను హబుల్ వెంటాడలేదు. సుదూర నక్షత్రమండలాలను మాత్రం చూడగలదు. వయసు మీరిన పెద్దలకు దూరపుచూపు మిగిలి దగ్గరచూపు పోయినట్లన్నమాట.

ఇక్కడొక విశేషం. హబుల్ కక్ష్య భూమధ్యరేఖకు ఇరువైపులా ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల అక్షాంశాల మధ్యనే సాగుతుంది. దాన్ని నిర్మించిన దేశంలోని న్యూయార్క్ వాసులకది నడినెత్తిన ఎన్నడూ కనిపించదు. పదిహేను డిగ్రీల చేరువలోని కర్నూలు, కడప ప్రజలకు మాత్రం అనువైన సంధ్యవేళల్లో నడినెత్తిన జారిపోయే చుక్కలా దర్శనమిస్తుంది. కావలసిందల్లా మేడమీది చీకటి, వేళ తెలిపే పట్టిక.

మంగళయాన్‌కూ గ్రహణమే

భారత యాత్రలకూ ఎదురుదెబ్బలు తప్పలేదు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న తొలి యత్నంలోనే అంగారక కక్ష్యలో చేరింది. ఆరు నెలల ఆయుర్దాయంతో పంపితే దాదాపు ఎనిమిదేళ్లు నిలిచింది. 2022 ఏప్రిల్‌లో ఏడున్నర గంటల దీర్ఘగ్రహణం సహా వరుస గ్రహణాలు ముంచెత్తాయి. అంగారకుని నీడలో అంతసేపు తట్టుకునేలా దాని బ్యాటరీని రూపొందించలేదు. సంబంధాలు తెగిపోయాయని, పునరుద్ధరణ అసాధ్యమని అదే ఏడాది అక్టోబరులో ఇస్రో వెల్లడించింది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో సైతం అతినీలలోహిత దూరదర్శినికి చెందిన ఒక గ్రాహకం 2018లో ఆగిపోయింది. అయినా ఐదేళ్లకని ఉద్దేశించిన ఆ ఉపగ్రహం పదేళ్లు దాటింది.

కుజుడంటే పెళ్లిచూపుల వేళ జాతకంలో వెదికే దోషమేనన్న భావన ఇంకా బలంగా ఉన్న సీమలో, ఆ కుజుని చుట్టూ మన నౌక ఎనిమిదేళ్లు తిరిగిందన్న సంగతి ఎన్ని ఇళ్లలో చర్చకు వచ్చిందో!

వైఫల్యాన్ని బయటపెట్టే తీరులోనే అసలు తేడా ఉంది. చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున జాబిలిపై కూలింది. నిర్దేశించిన దానికన్నా వేగం తేడా రావడంతో నేలను బలంగా తాకిందని ప్రభుత్వం అదే ఏడాది నవంబరులో పార్లమెంటుకు తెలిపింది. విచారణ నివేదిక పూర్తిపాఠం మాత్రం ప్రజల ముందుకు రాలేదు. ఇంజిన్లు అనుకున్నదానికన్నా అధికంగా తోయడం, దిగే చోటు ఇరుకు కావడం వంటి కారణాలను ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ విడమరచి చెప్పేసరికి 2023 వచ్చింది. అప్పటికి చంద్రయాన్-3 సిద్ధమైంది. ఆగస్టు 23న విజయవంతంగా దిగింది.

విక్రమ్ శకలాలను తొలుత గుర్తించిన ఘనతను నాసా ఎవరికిచ్చింది? చెన్నైకి చెందిన షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజినీరుకు. ఖగోళశాస్త్రం ఆయన వృత్తి కాదు. నాసా ఉపగ్రహం తీసిన చిత్రాలను సొంత కంప్యూటరుపై పాతవాటితో పోల్చి, వాటిలో లేని ఒక మెరుపు చుక్కను పట్టుకున్నారు. 2019 డిసెంబరు 2న నాసా ధ్రువీకరించింది. ఆ స్థలాన్ని తమ ఆర్బిటర్ ముందే గుర్తించిందని ఇస్రో చెప్పుకొంది. చెప్పుకోవడం వేరు, పదుగురూ పరీక్షించేలా చిత్రాన్ని బయటపెట్టడం వేరు. ఔత్సాహికుడు నిపుణునికి పోటీ కాడు. నిపుణుని తీరికలేనితనం వదిలేసిన చోటును ఓపికతో వెదికేవాడు. తలుపు తెరిచి ఉంచితేనే అతడు లోనికి రాగలడు.

ఈ ఓపిక తెలుగునేలకు కొత్త కాదు. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వస్తే, మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. కర్నూలుకు ఉత్తరాన కృష్ణ దాటితే వచ్చే ఊరే అది. నాటి గ్రహణ పరిశీలనలే హీలియం ఆవిష్కరణకు బాటవేశాయి.

బండల్లోనూ అంగారకుడు

ఆపర్చ్యూనిటీ దిగిన కొద్ది వారాలకే పొరలుపొరలుగా ఉన్న శిలలను చూపింది. అవి ఒకప్పుడు నీటిలో నానినవేనని శాస్త్రవేత్తలు తేల్చారు. బేతంచెర్ల, కడప బండలు సైతం పురాతన సముద్రాల అడుగున పొరలుగా పేరుకున్నవే. సీమ వంటిళ్లలో తొక్కే బండకు, అంగారకునిపై రోవరు చదివిన బండకు ఉన్న ఈ పోలిక బడిలో చెబితే ఏ పాఠ్యపుస్తకమూ అక్కరలేదు. ఆ పాఠం చెప్పే చొరవే అరుదు.

వాన కరవు ఈ జిల్లాలకు శాపమే. కానీ మబ్బులేని రాత్రులు మాత్రం దండిగా ఉన్నాయి. ఆ సంపదా ఇప్పుడు కరిగిపోతోంది. ఎల్‌ఈడీ వీధిదీపాల కాంతి నేలకు కాక నింగికి చిమ్ముతుండటంతో పట్టణాల్లో పాలపుంత కనుమరుగైంది. నల్లమల అంచు పల్లెల్లో, పత్తికొండ వైపు మెట్టచేలల్లో ఇంకా మిగిలి ఉంది. దీపాలకు పైకప్పు తొడిగితే కాంతి దారిపైనే పడుతుంది, కరెంటూ ఆదా అవుతుంది. పంచాయతీలు తీర్మానించుకోగల పని ఇది. మండలానికొక ఉన్నత పాఠశాలలో ఆరంగుళాల దూరదర్శిని ఉంచి, నెలకు రెండు రాత్రులు ఊరి జనానికి చూపితే అయ్యే ఖర్చు ఒక తిరునాళ్ల విద్యుద్దీపాలంకరణకన్నా భారమేమీ కాదు. కొన్న పరికరాన్ని ప్రయోగశాల బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటే అసలు ప్రమాదం. దుమ్ము అక్కడా పేరుకుంటుంది.

అంగారకుడు భూమికి ఎదురుగా వచ్చేది ఇరవై ఆరు నెలలకొకసారి. 2025 జనవరి 16 తరువాత ఆ అవకాశం 2027 ఫిబ్రవరి 19న. సీమలో సాధారణంగా ఆకాశం నిర్మలంగా ఉండే మాసమది. సూర్యుడు అస్తమించే వేళకు తూర్పున ఎర్రగా పొడుస్తాడు.