విధి నిర్వహణలో మరణించిన సిబ్బంది పిల్లల కాలేజీ చదువుల కోసం వినతిపత్రం

గౌరవనీయులైన వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా ఎస్పీ గారికి,

విన్నవించుకునేవారు: వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో డ్యూటీలో ఉండగా చనిపోయిన పోలీసు, ఫైర్, హోంగార్డు సిబ్బంది కుటుంబ సభ్యులు.

విషయం: ఇంటర్ దాటిన మా పిల్లలకు చదువు పూర్తయ్యేదాకా ఫీజు, హాస్టల్ సాయం అందించాలని కోరుతూ.

ఆర్యా,

1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద నేలకొరిగిన జవాన్ల స్మృతిలో ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతున్నారు. ఆ రోజు మమ్మల్ని పిలిచి గౌరవిస్తున్నారు. అందుకు కృతజ్ఞులం. మిగతా రోజుల్లో మా పిల్లల చదువు ఎలా సాగుతోందో తమ దృష్టికి తేవడానికే ఈ వినతి.

రాష్ట్ర పోలీసుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌ను 2019లో వర్తింపజేశారు. అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000 రూపాయలు. అయితే అది ఉగ్రవాదుల, నక్సల్స్ దాడుల్లో మరణించినవారి పిల్లలకే. దేశమంతటికీ ఏడాదికి 500 మందికే. మా ఇళ్లకు కష్టం తెచ్చినవి అలాంటి దాడులు కావు. నాపరాయి, సిమెంటు లారీలు తిరిగే తాండూరు రోడ్ల మీద, బీజాపూర్ హైవే మీద రాత్రింబవళ్లు నిలబడేవారికి రోడ్డే ముప్పు. ఎలా చనిపోయినా డ్యూటీలోనే కదా చనిపోయింది?

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వెళితే ఆదాయ పరిమితి అడ్డొస్తోంది. బీసీ, ఈబీసీలకు ఏడాదికి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. పట్టణంలో ఉండే తల్లికి కుటుంబ పెన్షన్ నెలకు 17 వేలు వచ్చినా పరిమితి దాటినట్టే. అర్హత ఉన్నవారికీ డబ్బు వేళకు అందడం లేదు. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో బంద్ చేశాయి. బకాయి ప్రభుత్వానిదైనా, సర్టిఫికెట్లు ఆగిపోయేది మా పిల్లలవి.

హోంగార్డుల కుటుంబాల గోస ఇంకా ఎక్కువ. 2025 నుంచి రోజుకు 1,000 రూపాయలు ఇస్తున్నారు. మనిషి పోయాక ఆ వేతనం ఆగిపోతుంది, పెన్షనూ లేదు. ఖాకీ తొడిగి అవే కూడళ్లలో నిలబడ్డ మనిషి బిడ్డకు ఈ తేడా ఎందుకు?

పెద్ద చదువులకు మా పిల్లలు హైదరాబాద్ వెళ్లిరావలసిందే. తాండూరు నుంచి బయలుదేరిన ఆర్టీసీ బస్సును 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొన్న ఘటన తమకు తెలిసిందే. మృతుల్లో కాలేజీకి వెళ్తున్న అక్కచెల్లెళ్లూ ఉన్నారు. అందుకే హాస్టల్ సీటు అడుగుతున్నాం.

ప్రభుత్వం 2025లో మంచిరేవులలో యంగ్ ఇండియా పోలీస్ స్కూల్ తెరిచింది. సంతోషించాం. బడి అయిపోయాక వచ్చే కాలేజీ ఖర్చుకూ అదే శ్రద్ధ చూపాలి.

కాబట్టి మా విన్నపాలు:

1. దాడి, ప్రమాదం, గుండెపోటు అన్న తేడా లేకుండా, డ్యూటీలో మరణించిన ప్రతి ఒక్కరి పిల్లలనూ ఒకే జాబితాలో చేర్చాలి. హోంగార్డులు, ఫైర్ సిబ్బంది అందులో ఉండాలి.

2. ఈ పిల్లలకు ఆదాయ పరిమితి ఎత్తివేసి, డిగ్రీ, ఇంజినీరింగ్, నర్సింగ్, వైద్య విద్య దేనిలో చేరినా చివరి ఏడాది వరకు పూర్తి ఫీజు చెల్లించాలి.

3. బకాయిల పేరుతో వారి సర్టిఫికెట్లు, హాల్‌టికెట్లు ఆపకుండా కాలేజీలకు ఆదేశాలివ్వాలి.

4. హైదరాబాద్‌లోని ప్రభుత్వ హాస్టళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లలకు, సీట్లు కేటాయించాలి.

5. కలెక్టరేట్‌లో ఒక అధికారిని నియమించి, ఏటా జూన్‌లో తామే మా ఇళ్లకు కబురు చేసే ఏర్పాటు చేయాలి. భర్త పోయిన ఆడమనిషి మరణ ధ్రువపత్రం పట్టుకుని ప్రతి ఏటా ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పాలి.

మొదటి, అయిదో విన్నపాలకు పెద్ద ఖర్చు ఉండదు. జాబితా తయారీ జిల్లాలోనే మొదలుపెట్టవచ్చు. మిగిలినవాటికి తమ సిఫారసుతో ప్రభుత్వానికి నివేదిక పంపండి. కొడంగల్ ఎమ్మెల్యే అయిన ముఖ్యమంత్రి గారు మా జిల్లా ప్రజాప్రతినిధే. తమ నివేదిక వెళితే ఆయన చదువుతారని మా నమ్మకం. వచ్చే అడ్మిషన్లలోపు నిర్ణయం తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
వికారాబాద్, తాండూరు ప్రాంతాల అమర సిబ్బంది కుటుంబ సభ్యులు