కూలెంట్ డబ్బా మీద తెలుగు ఏది?

లారీ రేడియేటర్‌లో ఏం పోయాలని మన విజయవాడ ఆటోనగర్‌లో అడిగి చూడండి. ఎక్కువగా రెండే జవాబులు వినిపిస్తాయి. "పచ్చది పొయ్యి" అని ఒకరంటారు. "మనకేమన్నా మంచు కురుస్తుందా, నీళ్లు చాల్లే" అని ఇంకొకరంటారు. నన్నడిగితే రెండూ తప్పే. కానీ ఆ తప్పు మెకానిక్ మీదకి నెట్టడం అన్యాయం. డబ్బా మీద ఆయనకి అర్థమయ్యేది రంగు ఒక్కటే, మిగతాదంతా ఇంగ్లీషు.

ముందు నీళ్ల వాదన చూద్దాం, అందులో సగం నిజం ఉంది కాబట్టి. వేడిని మోయడంలో నీళ్లదే పైచేయి. నీటి విశిష్టోష్ణం 4.18 అయితే, ఇథిలీన్ గ్లైకాల్ సగం కలిపాక అది సుమారు 3.5కి పడిపోతుంది. కానీ మామూలు ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి, సగం సగం మిశ్రమం 107 దాకా ఆగుతుంది. రేడియేటర్ మూత ఇచ్చే ఒత్తిడి కూడా కలిస్తే ఇంకా పైకి వెళ్తుంది. మే నెల ఎండలో ఫుల్ లోడుతో పోయే బండికి ఆ కాస్త తేడానే ప్రాణం. 'యాంటీఫ్రీజ్' అన్న పేరు వల్ల అది చలి దేశాల సరుకని మనవాళ్లు అనుకున్నారు గానీ, ఎండకీ అదే కావాలి.

అసలు సంగతి మరుగు దగ్గర కాదు, లైనర్ దగ్గర ఉంది. చాలా లారీ ఇంజన్లలో వెట్ లైనర్లు ఉంటాయి, అంటే కూలెంట్ నేరుగా లైనర్ బయటి గోడకి తగులుతుంది. పిస్టన్ కొట్టే దెబ్బకి లైనర్ కంపిస్తుంది. ఆ కంపనానికి చిన్న చిన్న ఆవిరి బుడగలు పుట్టి, గోడ పక్కనే పేలిపోతాయి. పేలిన ప్రతిసారీ కాస్త ఇనుము రాలుతుంది. దీన్నే మనం పరీక్షల్లో 'కావిటేషన్' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. మా మావయ్య కైకలూరు నుంచి చేపల లోడు తోలతాడు. ఎక్కడ ఆగితే అక్కడి బోరు నీళ్లే పోసేవాడు. ఇంజన్ విప్పినప్పుడు ఆ లైనర్ చేతిలోకి తీసుకుని చూశాను. సూదితో పొడిచినట్టు బెజ్జాలు. నీళ్లు ఆయిల్లోకి దిగి, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా అయిపోయింది. లారీల కూలెంట్లలో నైట్రైట్ లాంటి రసాయనాలు కలిపేది లైనర్ మీద పల్చటి రక్షణ పొర కట్టడానికే. వట్టి నీళ్లకి ఆ గుణం లేదు.

పైగా మన డెల్టా నీళ్ల కథ వేరు. బందరు, అవనిగడ్డ వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఉప్పులోని క్లోరైడ్ అల్యూమినియాన్ని తింటుంది. కఠిన జలమైతే సుద్ద కడుతుంది, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే. అది ఇంజన్ లోపల కడితే వేడి బయటికి రాదు. అందుకే ఎంత ఖరీదైన కూలెంట్ కొన్నా, అందులో బోరు నీళ్లు కలిపితే డబ్బు దండగ. డిస్టిల్డ్ వాటరో, ముందే కలిపిన కూలెంటో వాడాలి.

ఇక రంగు. రంగుకి ప్రమాణమంటూ ఏదీ లేదు. పాత తరం ఐఏటీ పచ్చగా, కొత్త తరం ఓఏటీ ఎర్రగా ఉండటం వాడుకే తప్ప రూలు కాదు. ఒక కంపెనీ పచ్చ, ఇంకో కంపెనీ పచ్చ ఒకటే అనుకుని కలిపితే రక్షణ తగ్గుతుంది, ఒక్కోసారి జిగురులా గడ్డకడుతుంది. చూడాల్సింది రంగు కాదు, ప్రమాణం. ఏఎస్‌టీఎం డి6210 అని ఉంటే అది హెవీ డ్యూటీ ఇంజన్లకి. డి3306 మాత్రమే ఉంటే కార్లకి, తేలికపాటి బండ్లకి. వీటన్నిటికంటే ముందు ఇంజన్ కంపెనీ మాన్యువల్ ఏం చెప్పిందో అది.

"ఇదంతా తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు, మేస్త్రీ నోటిమాట చాలదా" అంటారేమో. పురుగుమందు డబ్బాతో పాటు ప్రాంతీయ భాషలో కరపత్రం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. పొలంలో రైతుకి ఉన్న హక్కు లారీ డ్రైవర్‌కి ఎందుకుండకూడదు? ఇథిలీన్ గ్లైకాల్ కూడా విషమే. పైగా తియ్యగా ఉంటుంది. మిగిలిన కూలెంట్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి క్యాబిన్లో పెట్టుకుంటే ఏం జరగొచ్చో ఊహించండి.

కంపెనీలు రాసేదాకా ఆగక్కర్లేదు. మన క్లబ్బే ఒక పేజీ రాసి, మెకానికల్ డిపార్ట్‌మెంట్ సార్లకి చూపించి, ఆటోనగర్ షాపుల్లో అంటిద్దాం. నా చిత్తు ప్రతి ఇది:

"బోరు నీళ్లు పోయొద్దు.
రంగు చూసి కొనొద్దు, మాన్యువల్‌లో ఉన్న నంబరు చూసి కొనండి.
రెండు రకాలు కలపొద్దు.
ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు.
ఇది విషం. తాగే సీసాల్లో పోయొద్దు."

దీనికంటే బాగా, ఇంకా తేలిగ్గా రాయగలిగినవాళ్లు మన క్లబ్బులో చాలామందే ఉన్నారు. కథలూ కవితలూ రాస్తూనే ఉందాం. ఈ ఒక్క పేజీ కూడా రాద్దాం. మీ మార్పులు పంపండి.