డయాలిసిస్ సరే, కాలేయం మాటేమిటి?

పేదలకు ఉచిత డయాలిసిస్ పథకాన్ని 2016-17 కేంద్ర బడ్జెట్‌లో నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ ప్రకటించారు. దేశంలో ఏటా 2.2 లక్షల మంది కొత్తగా మూత్రపిండాల వైఫల్యపు అంతిమ దశకు చేరుతున్నారనీ, వీరివల్ల అదనంగా 3.4 కోట్ల విడతల డయాలిసిస్ అవసరమవుతున్నదనీ ఆయన తన ప్రసంగంలో పేర్కొన్నారు. విడతకు సుమారు 2,000 రూపాయల చొప్పున ఏడాదికి 3 లక్షలకు పైగా వ్యయమవుతుందన్నది ఆనాటి అంచనా. జిల్లా ఆసుపత్రులలో ఈ సదుపాయం కల్పించడం ముమ్మాటికీ హర్షణీయం. అయితే మూత్రపిండాల రోగిని బతికించే ఏర్పాటు అతని కాలేయానికి చేటు తేకుండా చూడడం కూడా ప్రభుత్వాల బాధ్యతే.

ఈ రెండు అవయవాల బాగోగులు పరస్పరం ముడిపడినవి. అమ్మోనియాను కాలేయం యూరియాగా మారిస్తే, మూత్రపిండాలు దానిని బయటకు పంపుతాయి. సిర్రోసిస్‌తో కాలేయం గట్టిపడి విఫలమైనప్పుడు ఉదరంలోని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. మూత్రపిండాలకు రక్తాన్ని చేరవేసే నాళాలు కుంచించుకుపోతాయి. ఫలితంగా, నిర్మాణంలో పెద్ద లోపమేదీ లేని మూత్రపిండాలు సైతం పనిచేయడం మానివేస్తాయి. వైద్యులు దీనిని హెపటోరీనల్ సిండ్రోమ్ అంటారు. కాలేయ మార్పిడి జరిగితే అవే మూత్రపిండాలు అనేకమందిలో తిరిగి కోలుకోవడం గమనార్హం. ఇటువంటి రోగులు సొంతంగా నొప్పి మాత్రలు వాడినా మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది.

హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఈ బంధానికి మరో ముఖం. ఇవి కాలేయాన్ని కబళించడమే గాక, కొందరిలో మూత్రపిండాల వడపోత వ్యవస్థను కూడా దెబ్బతీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారత్‌లో 2.98 కోట్ల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉన్నాయి. డయాలిసిస్ రోగి రక్తం వారానికి రెండు మూడుసార్లు యంత్రం గుండా ప్రవహిస్తుంది. సిబ్బంది చేతితొడుగులు మార్చకపోయినా, ఒకే మందుసీసాను పలువురికి వాడినా వైరస్ ఒకరినుంచి మరొకరికి పాకుతుంది. శరీరం వెలుపల వస్తువులపై హెపటైటిస్ బి వైరస్ కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు.

విషాదమేమంటే, నివారణ సాధనాలు దేశంలోనే ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే హెపటైటిస్ బి టీకాను స్వదేశీ పరిజ్ఞానంతో తెచ్చి ధర దిగివచ్చేలా చేసింది. మూత్రపిండాలు క్షీణించేకొద్దీ టీకా ప్రభావం తగ్గుతుంది కనుక డయాలిసిస్ వరకు ఆగకుండా ముందే వేయడం మేలు. హెపటైటిస్ సికి టీకా లేకపోయినా మందుంది. అమెరికాలో 2013లో మాత్ర ఒక్కింటికి 1,000 డాలర్లు పలికిన సోఫోస్‌బువిర్‌ను తయారుచేసేందుకు 2014లో భారతీయ కంపెనీలకు లైసెన్సులు లభించడంతో ఇక్కడ ధర గణనీయంగా తగ్గింది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం.

కావలసింది ఈ రెండు కార్యక్రమాల సమన్వయం. ప్రైవేటు సంస్థలకు విడతల లెక్కన చెల్లింపులు జరిగేచోట, తొడుగులు, శుభ్రత వంటి కంటికి కనిపించని ఖర్చులలో పొదుపు చేయాలన్న ఆశ పుట్టడం సహజం. నిబంధన ఉండడం ఒక ఎత్తు, అమలు మరో ఎత్తు. రోగి చేరినప్పుడూ, ఆ తర్వాత నిర్ణీత వ్యవధిలోనూ వైరస్ పరీక్షలు జరిపించి, టీకా వేయించి, కేంద్రంలో కొత్తగా సోకిన కేసులను వెల్లడించిన తర్వాతే బిల్లు చెల్లించే పద్ధతి రావాలి. పరీక్షల ఖర్చు అదనపు భారమని వాదించేవారు, కాలేయ మార్పిడికయ్యే లక్షల రూపాయలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక అవయవం కోసం ఆసుపత్రి మెట్లెక్కిన పేదవాడు రెండవ అవయవాన్ని పోగొట్టుకుని తిరిగివెళ్లే దుస్థితి ఏ సంక్షేమ పథకానికీ శోభనివ్వదు.