మేలచ్చు నాణెం, తోమిన నాణెం



గత మాసంలో నా పూర్వవిద్యార్థి ఒకడు వీర్నపల్లిలోని మా ఇంటికి వచ్చాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. దస్తీలో చుట్టి తెచ్చిన మూడు నాణేలు బల్ల మీద పెట్టి, "సారూ, ఇవి ప్రూఫ్ నాణేలట. ఆరువేలు పెట్టి కొన్న. జర చూడుండ్రి" అన్నాడు. మళ్ళీ అమ్మి, వచ్చిన లాభంతో కూతురి కళాశాల రుసుము కట్టాలని అతని ఆలోచన.

మూడూ గాంధీజీ శతజయంతికి 1969లో వెలువడిన ఇరవై పైసల నాణేలు. అల్యూమినియం కంచు కనుక బంగారం వలె ధగధగలాడుతున్నాయి. భూతద్దం తీసి చూశాను. నాణెమంతటా ఒకే దిశలో సన్నని గీతలు ఉన్నాయి. అక్షరాల మూలల్లో తెల్లని పొడి మిగిలి ఉంది. గాంధీజీ చెంప, చెవి అరిగి నునుపెక్కాయి. ఎవరో చలామణీ నాణేలను మెరుగుపొడితో తోమి అంటగట్టారు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పక తప్పలేదు.

మన భాషలో నాణెం, నాణ్యం జంటపదాలు. అర్థశాస్త్రంలో నాణేలను పరీక్షించే అధికారికి రూపదర్శకుడని పేరు. నిన్నమొన్నటి వరకు మన అంగళ్ళలో షరాబు నాణేన్ని వేలితో మీటి, మోత విని మంచిచెడ్డలు చెప్పేవాడు. ఇంతటి పరంపర గల భాషలో ప్రూఫ్ నాణేన్ని గుర్తుపట్టే పద్ధతి చెప్పే రచన నాలుగు పుటలైనా సులభంగా దొరకదు. ఆ మగ్గం కార్మికుడిని మోసగించింది అమ్మినవాడొక్కడే కాదు, తెలిసీ రాయని మన మౌనం కూడా అని నా అభిప్రాయం. కనుక తెలిసినంత రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. అచ్చుపని తెలిసినవారికి ప్రూఫ్ అనగానే దిద్దడానికి తీసే చిత్తు ప్రతి గుర్తుకొస్తుంది. టంకశాలలోనూ అచ్చు సరిగా ఉన్నదో లేదో చూడటానికి తొలుత కొట్టే నాణేనికే ఆ పేరుండేది. కాలక్రమంలో అది సేకర్తల కోసం అత్యంత శ్రద్ధతో చేసే నాణేనికి పేరైంది. దీనిని మేలచ్చు నాణెం అందామా? మేలు, అచ్చు కలిస్తే ఉత్వసంధి. ఇంతకన్న మంచి మాట తోస్తే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.

చలామణీ నాణెం యంత్రంలో ఒక్క దెబ్బతో తయారవుతుంది. నిమిషానికి వందల కొద్దీ బిళ్ళలు తొట్టిలో పడి ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. అందుకే బ్యాంకు నుంచి నేరుగా తెచ్చిన కొత్త నాణెం మీద కూడా చిన్న గాట్లుంటాయి. మేలచ్చుకు బిళ్ళనూ, అచ్చునూ ముందే అద్దంలా మెరుగుపెడతారు. నిదానంగా, రెండు దెబ్బలకు తక్కువ కాకుండా కొడతారు. విడివిడిగా తీసి పెట్టెలో భద్రపరుస్తారు.

ఇక పరీక్ష. నాణేన్ని పుస్తకపు అక్షరాల పక్కన నిలబెట్టండి. మేలచ్చు మైదానంలో అక్షరాల నీడ స్పష్టంగా కనబడుతుంది. బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది. తోమిన నాణెంలో బొమ్మా, మైదానమూ ఒకే తీరున మెరుస్తాయి. అయితే పాత మేలచ్చులు కొన్నింటిలో ఈ తేడా అంతగా ఉండదు కనుక అంచు కూడా చూడాలి. మేలచ్చు అంచూ, అక్షరాల గోడలూ ఉలితో చెక్కినట్టు నిటారుగా ఉంటాయి. ఎంత తోమినా అరిగిన అక్షరానికి పదును తిరిగిరాదు. తూకం వల్ల మాత్రం ప్రయోజనం లేదు. ఒకే లోహంతో చేసినప్పుడు రెండింటి బరువూ ఒకటే.

టంకశాల గుర్తు కూడా కొంత సాయపడుతుంది. ముంబయి చలామణీ నాణేలపై వజ్రపు గుర్తు ఉంటుంది. అక్కడి మేలచ్చులపై 1995 వరకు 'బి', 1996 నుంచి 'ఎం' అనే ఆంగ్లాక్షరాలుంటాయి. మా శిష్యుడి మూడు నాణేలపై ఉన్నది వజ్రమే. హైదరాబాదుది నక్షత్రం. కోల్‌కతాకు గుర్తే లేదు. కనుక గుర్తొక్కటే చూసి తీర్పు చెప్పరాదు.

మరొక భ్రమ ఉంది. స్మారక నాణేలన్నీ మేలచ్చులే అనుకుంటారు. ఎన్టీ రామారావు శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన వంద రూపాయల నాణెం మన హైదరాబాదు టంకశాలలో తయారైంది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి. దానిని మేలచ్చుగానూ, చలామణీకి వెళ్ళని మామూలు అచ్చుగానూ రెండు విధాలా అమ్మారు. ఎవరైనా అమ్మజూపితే ఈ రెండింటిలో ఏదని అడగండి. 2012 నాటి వైష్ణోదేవి అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలు వస్తాయన్న వదంతి మా పల్లెల దాకా పాకింది. అవి చలామణీకి కూడా వచ్చిన నాణేలే. పాత నాణేల క్రయవిక్రయాల్లో తన పేరు వాడుకొని రుసుములు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించవలసి వచ్చింది.

అన్నట్టు, 25 పైసలు, అంతకు తక్కువ నాణేలకు 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయింది. మా శిష్యుడి ఇరవై పైసలు ఇప్పుడు అంగట్లోనూ చెల్లవు.

అరిగిన నాణెమంటే నాకు చిన్నచూపు లేదు. మా జగిత్యాల ప్రాంతపు కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేలు మెరిసేవేమీ కావు. అవి లేకపోతే మన చరిత్రలో తొలి పుటలే ఉండవు. చేతులు మారి అరగడం చలామణీ నాణెం ధర్మం. దానిని తోమితే ఆ చరిత్ర పోతుంది, సేకర్త దగ్గర ఉన్న కొద్దిపాటి విలువా పోతుంది. మీ ఇంట పాత నాణేలుంటే చింతపండు జోలికి పోకండి.

ఆరువేలు తిరిగిరాలేదు. అమ్మినవాడి ఫోను పలకడం లేదు. వెళ్ళేటప్పుడు అతను మూడింటిలో ఒక నాణేన్ని నా బల్ల మీదే వదిలి, "వేరేటోళ్లకు చూపియ్యుండ్రి సారూ" అన్నాడు. చూపిస్తున్నాను.